వంద సెంట్ల సముద్రం

2001 వేసవిలో కాలిఫోర్నియా రేవు ఊళ్ళలో వరసగా సభలు జరిగాయి. రాష్ట్ర మత్స్యశాఖ కొన్ని పటాలు తీసుకొచ్చి జనం ముందు పెట్టింది. నీలం రంగు సముద్రం మీద అక్కడక్కడ గళ్ళు గీసి ఉన్నాయి. ఇకమీదట ఆ గళ్ళలో చేపల వేట ఉండకూడదన్నది ప్రతిపాదన. గీసినవాళ్ళు శాస్త్రవేత్తలు. ఎక్కడ రాయి ఉంది, ఎక్కడ ఇసుక ఉంది, ఎక్కడ కెల్ప్ నాచు అడవిలా పెరుగుతుంది, ఏ చేప ఎక్కడ పిల్లలు పెడుతుంది అన్నీ చూసే గీశారు. చూడనిది ఒక్కటే. ఆ గళ్ళలో రోజూ ఎవరు వేటాడుతున్నారో చూడలేదు. వచ్చిన జాలర్లు పటంలో ముందు తమ ఊరు వెతుక్కున్నారు, ఆ తర్వాత తమ వేట చోటు వెతుక్కున్నారు. ఇక కేకలే. 2002 మొదట్లో ప్రభుత్వం ఆ పటాలన్నీ చుట్టి పక్కన పెట్టింది.

చట్టం మాత్రం అలాగే ఉంది. 1999లో చేసిన సముద్ర జీవరక్షణ చట్టం అది. తీరం పొడవునా రక్షిత ప్రాంతాల వరస ఏర్పాటు చేసి తీరాలని చెబుతుంది. రెండోసారి ఊరూరా కమిటీలు వేసి మొదలుపెట్టారు. డబ్బు చాలక 2004 జనవరిలో అదీ ఆగింది. అదే ఏడు ఆగస్టులో దాతృత్వ సంస్థల డబ్బుతో మూడోసారి పూనుకున్నారు. ఈసారి ఒక పాఠం ఒంటబట్టింది. గీత గీయకముందే, గీత కిందికొచ్చే మనిషిని అడగాలి. కానీ ఎలా అడగాలి? ఈ కథంతా ఆ ప్రశ్నను కనిపెట్టడం గురించే.

అప్పటికి ప్రభుత్వం దగ్గర జాలరి గురించి ఏమీ లేదని కాదు. చీటీలు ఉన్నాయి. ఒడ్డుకొచ్చి చేప అమ్మినప్పుడల్లా కొన్నవాడు ఒక రసీదు రాయాలి. ఏ చేప, ఎంత బరువు, ఎంత ధర, ఏ గడిలో పట్టారు అన్నీ అందులో ఉంటాయి. సముద్రాన్ని అక్షాంశ రేఖాంశాల ప్రకారం పది నిమిషాలకొక గడి చొప్పున విభజించి నంబర్లు ఇచ్చారు. ఒక్కో గడి ఉత్తర దక్షిణాలుగా దాదాపు 18 కిలోమీటర్లు, తూర్పు పడమరలుగా దాదాపు 15. విశాఖ ఆర్కే బీచ్ నుంచి బయల్దేరి రుషికొండ చేరి, సుమారుగా ఇంకో అంత దూరం ముందుకు పోతే ఒక గడి పొడవు అవుతుంది. రాతి చేప (అక్కడ రాక్‌ఫిష్ అంటారు) బతికేది మునిగిన రాతిగుట్టల మీద. అలాంటి గుట్ట ఒకటి మన ఊరి బడి ఆటస్థలమంత కూడా ఉండకపోవచ్చు. రసీదు చదివి ఆ గుట్టను పట్టుకోవాలంటే, పిన్‌కోడ్ చూసి ఇంటి తలుపు కొట్టినట్టే.

జాలరికి ఆ గుట్ట తెలుసు. చెప్పడు. చెబితే రేపు పక్క పడవ అక్కడే ఉంటుంది. రైతు పొలం ఎక్కడుందో ఊరంతటికీ తెలుసు, తెలిసినంత మాత్రాన ఎవరూ ఎత్తుకుపోలేరు. సముద్రంలో పాసుపుస్తకం లేదు, గట్టు లేదు. తెలియకపోవడమే అక్కడ కంచె. అలాంటి మనిషి దగ్గరికి ప్రభుత్వం తరఫున వెళ్ళి, ‘మీ చోటు ఈ పటం మీద గీయండి, దాన్ని మూసెయ్యాలో వద్దో మేం ఆలోచిస్తాం’ అనాలి. ఏ నోటితో అంటారు?

ఇక్కడ ఒక ముప్పై ఏళ్ళు వెనక్కి, బాగా ఉత్తరానికి పోవాలి.

1973 జనవరిలో కెనడా సుప్రీంకోర్టు కాల్డర్ కేసులో తీర్పు చెప్పింది. కేసు వేసిన నిస్గా తెగ సాంకేతికంగా ఓడిపోయింది. కానీ తెల్లవాళ్ళు రాకముందు నుంచి ఉన్న జనానికి భూమి మీద హక్కు అనేది చట్టం దృష్టిలోనూ ఉండేదన్న మాట ఆ తీర్పులో నిలబడింది. ప్రభుత్వం బేరానికి దిగక తప్పలేదు. అయితే ఆర్కిటిక్ ప్రాంతపు ఇన్యూట్ ఆదివాసులు తమ భూమి ఏదని చూపించాలి? పొలాల్లేవు, హద్దురాళ్ళు లేవు. చలికాలం ఆరేడు నెలలు వాళ్ళ బతుకు గడ్డకట్టిన సముద్రం మీదే. ఎండాకాలం ఆ నేలే కరిగి నీళ్ళవుతుంది. దస్తావేజులు వెతికే కళ్ళకి అదంతా ఖాళీ తెలుపు.

మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో పనిచేసే మిల్టన్ ఫ్రీమన్ నాయకత్వంలో ఒక బృందం ఊరూరా తిరిగింది. వేటగాడి ముందు పెద్ద పటం పరిచి, చేతికి పెన్ను ఇచ్చి అడిగేవారు: మీ జన్మలో మీరు కారిబూ దుప్పి కోసం ఎక్కడెక్కడ తిరిగారు? సీల్ కోసం? నక్క ఉచ్చులు ఎక్కడ పెట్టారు? ఒక్కో జంతువుకి ఒక్కో గీత. ఒక నియమం గట్టిగా పెట్టుకున్నారు. మా నాన్న పోయేవాడు, ఫలానావాళ్ళు పోతారట అన్నవి లెక్కలోకి రావు. తాను స్వయంగా తొక్కిన చోటే గీయాలి. ఇలా తయారైన పటాన్ని ఆ వేటగాడి ‘పటజీవితచరిత్ర’ అన్నారు. వందల మంది జీవితచరిత్రల్ని ఒకదాని మీద ఒకటి పేర్చితే తెల్లగా ఉన్న చోటు నల్లబడింది. నేలా మంచూ తేడా లేకుండా, గీతలు ఒడ్డు దాటి సముద్రం మీదికి సాగిపోయాయి. 1976లో ఇదంతా మూడు సంపుటాలుగా అచ్చయింది. 1993లో ఇన్యూట్‌లకీ కెనడా ప్రభుత్వానికీ కుదిరిన ఒప్పందానికీ, 1999 ఏప్రిల్ 1న పుట్టిన నునావుట్ ప్రాంతానికీ వెనక ఉన్న ఆధారాల్లో ఈ గీతలు ముఖ్యమైనవి.

ఆ ఒప్పందంలో ఒక వాక్యం చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. ఆర్కిటిక్ దీవుల మధ్య నీళ్ళ మీద కెనడా సార్వభౌమాధికారానికి, ఇన్యూట్‌లు ఆ నీళ్ళను వాడుకుంటూ ఉండటం బలమిస్తుందని అందులో రాశారు. నిన్నటిదాకా ఖాళీ అన్నవాళ్ళే, ఇతర దేశాలకు చూపించాల్సి వచ్చేసరికి ‘చూడండి, మావాళ్ళు ఇక్కడ వేటాడుతున్నారు’ అన్నారు. జనం వాడకాన్ని గీసిన పటం ఎవరి చేతిలో ఉంటే వాళ్ళకి పనికొస్తుంది. ఈ మాట గుర్తుంచుకోండి, కాలిఫోర్నియాలో మళ్ళీ ఎదురవుతుంది.

కాలిఫోర్నియా మూడో ప్రయత్నంలో జాలర్లను అడిగే పని ఓరెగాన్‌లోని పోర్ట్‌లాండ్ కేంద్రంగా పనిచేసే ఈకోట్రస్ట్ అనే సంస్థ తలకెత్తుకుంది. ఆస్ట్రిడ్ షోల్జ్ అనే ఆర్థికవేత్త, చార్లెస్ స్టైన్‌బాక్ అనే పటాల నిపుణుడు అందులో ముఖ్యులు. కాలిఫోర్నియా జాలర్ల జ్ఞానాన్ని పటాలకెక్కించడం గురించి షోల్జ్ బృందం 2004లోనే ఒక పరిశోధన వ్యాసం అచ్చువేసింది. వాళ్ళ చేతిలో ఉన్నది ఒక లాప్‌టాప్, దాన్లో నౌకాపటం. జాలరి పక్కన కూర్చుని ఒక్కో వేట గురించి విడిగా అడుగుతారు. పీత బుట్టల వేట వేరు, గేలాల వేట వేరు, రొయ్య వేట వేరు. పటాన్ని కావలసినంత దగ్గరికి లాక్కోవచ్చు. ప్రభుత్వ గళ్ళు తెర మీద ఉండవు. ఇన్నేళ్ళ అనుభవంలో ఈ వేటకి మీరు ఎంతమేర తిరిగారో ముందు చుట్టమంటారు. తర్వాత అందులో అక్కరకొచ్చే చోట్లు విడివిడిగా చుట్టమంటారు.

అసలు ప్రశ్న ఆ తర్వాత. ‘మీ దగ్గర వంద పెన్నీలున్న సంచి ఉందనుకోండి. ఈ చోట్ల మధ్య, ఏది మీకెంత ముఖ్యమో దాన్నిబట్టి పంచండి.’

పెన్నీ అంటే వాళ్ళకి ఒక సెంటు నాణెం. మనకి సెంటంటే నేల. వంద సెంట్లయితే ఎకరం. ఈ ప్రశ్నని తెలుగులో ఊహించుకుంటే ఇంకా బాగా అతుకుతుంది. మీకు సముద్రంలో ఒక ఎకరం రాసిస్తే, ఏ రాయి దగ్గర ఎన్ని సెంట్లు తీసుకుంటారు?

సంచి లేదు, నాణేలు లేవు, అంతా ఊహే. అయినా ఆ ఊహలో చాలా తెలివి ఉంది. నీ సంపాదనెంత అని అడిగితే ఏ దేశంలోనూ ఎవడూ సూటిగా చెప్పడు. ఏ చోట ఎన్ని టన్నులు పడతాయని అడిగితే తగ్గించో పెంచో చెబుతాడు. నిష్పత్తి అడిగితే మాత్రం మనిషి ఆలోచనలో పడతాడు. ఉత్తరపు గుట్ట దగ్గర యాభై పెట్టి, కాసేపాగి పది వెనక్కి తీసుకుంటాడు. గాలి ఎదురైన రోజు అక్కడికి పోలేను కదా, రేవు పక్కనున్న చిన్న చోటికి ఇంకాస్త ఇవ్వాలి అనుకుంటాడు. దూరం, డీజిలు, వాతావరణం, వయసు అన్నీ ఆ వంద లోపలే సర్దుకుంటాయి. ఏ ప్రశ్నపత్రమూ విడివిడిగా అడిగి రాబట్టలేని లెక్క అది.

పంచిన నాణేల్ని ఆ తర్వాత కంప్యూటర్ చిన్న చిన్న గళ్ళలోకి పరుస్తుంది. రసీదుల్లో ఆ జాలరి అమ్మకం ఎంతుందో చూసి, దాన్నిబట్టి అతని వందకి బరువు కడుతుంది. అలా ఒక రేవులో ఒక రకం వేట చేసేవాళ్ళందరివీ కలుపుతుంది. ఒక మనిషి పటం ఇంకొకరి కంటపడదు. బయటికొచ్చేది కలిపినదే, అదీ జాలర్లకే తిరిగి చూపించి సరేననిపించుకున్నాక. రహస్యాలన్నీ కలిసిపోయి, ఏది ఎవరిదో తెలియని రంగుల మచ్చగా మారతాయి. సాఫ్ట్‌వేర్ ఎవరైనా రాస్తారు. ఈ కట్టడి, ఈ మాట ఇచ్చి నిలబెట్టుకోవడం, అదే అసలు ఆవిష్కరణ అని నా నమ్మకం. అది లేకపోతే నౌకాపటం మీద ఒక్క గీతా పడేది కాదు.

లోపం లేదని కాదు. కలిపిన పటంలో పెద్ద పడవల రంగు ముదురుగా పడుతుంది. చిన్న పడవవాడు తన వందకి వందా ఒక్క గుట్ట మీదే పెట్టి ఉండొచ్చు. వేరే చోటికి పోయే శక్తి లేనివాడు. అమ్మకం తక్కువ కాబట్టి ఆ గుట్ట పటంలో లేతగా కనిపిస్తుంది. లేతగా ఉంది కదా అని మూసేస్తే మొత్తం నష్టం కొంచెమే, ఆ ఒక్కడికి మాత్రం అంతా. సగటు లెక్కలకి ఆ మనిషి ఆనడు. విశ్లేషణ రాసేవాళ్ళు అలాంటివాళ్ళ గురించి విడిగా చెప్పాల్సిందే.

పటాలు వచ్చాక పని వేగం పుంజుకుంది. మధ్య తీరంలో 29 రక్షిత ప్రాంతాలు 2007 సెప్టెంబరులో అమల్లోకి వచ్చాయి. 2008కల్లా శాంటా బార్బరాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, ఈకోట్రస్ట్, నేచర్ కన్జర్వెన్సీ కలిసి మెరైన్‌మ్యాప్ అనే సాధనం తయారుచేశాయి. జాలరి అయినా డైవర్ అయినా పర్యావరణవాది అయినా తెర మీద తనకి నచ్చిన గడి తానే గీయొచ్చు. గీయగానే అందులో ఎంత రాయి పడింది, ఎంత కెల్ప్ పడింది, పక్క రక్షిత ప్రాంతం ఎంత దూరం వంటివి చెబుతుంది. 2001లో గళ్ళు గీసే హక్కు శాస్త్రవేత్తల దగ్గరే ఉండేది. ఏడేళ్ళకి ఎదురెదురు బల్లల వాళ్ళందరి చేతికీ అదే పెన్సిలు వచ్చింది. గొడవలు ఆగలేదు, ఆగుతాయని నేననుకోను. కాకపోతే ‘మీకేం తెలుసు’ అని అరిచే బదులు ‘ఈ గీత ఒక మైలు దక్షిణానికి జరపండి’ అని అరిచారు. సభల్లో ఇది తక్కువ మార్పు కాదు.

ఉత్తర తీరానికి వచ్చేసరికి పటమే అడ్డం తిరిగింది. అక్కడ యురోక్ వంటి ఆదివాసీ తెగలున్నాయి. ఒడ్డున నాచు ఏరుకోవడం, ఆల్చిప్పలు తీసుకోవడం, చేపలు పట్టడం తరతరాల ఆచారం. 2010 జూలైలో ఫోర్ట్ బ్రాగ్ ఊళ్ళో జరిగిన సమావేశానికి ఊరేగింపుగా వచ్చి, మా తీరం మీద మా హక్కుకి మీ అనుమతి ఏమిటని నిలదీశారు. చివరికి 2012లో ఆ తెగలకి కొన్ని ప్రాంతాల్లో మినహాయింపు ఇస్తూ నియమాలు వచ్చాయి. మినహాయింపు కావాలంటే మాత్రం, ఫలానా చోటు మా వాడుకలో ఉందని ఆధారాలతో దాఖలు చేసుకోవాలి. ఇన్యూట్‌లకి ఎదురైన ప్రశ్నే మళ్ళీ వచ్చింది. పటంలో లేకపోతే నువ్వు లేవు. పటంలోకి వస్తే నీ గుట్టు బయటపడుతుంది. దీనికి ఏ సాఫ్ట్‌వేర్ దగ్గరా పరిష్కారం నాకు కనిపించలేదు.

2012 డిసెంబరుకి మొత్తం పూర్తయింది. 124 రక్షిత ప్రాంతాలు, రాష్ట్ర జలాల్లో సుమారు 16 శాతం.

పద్ధతి అప్పటికే గడప దాటింది. వేటొక్కటే వాడకం కాదు కదా. అమెరికా సముద్ర వాతావరణ సంస్థ నోవా 2008 నుంచి 2010 దాకా కాలిఫోర్నియాలో ‘సముద్ర వినియోగాల అట్లాసు’ చేసింది. పటాన్ని తెర మీద వేసి, తెలిసినవాళ్ళ చేతికి ఎలక్ట్రానిక్ కలం ఇచ్చారు. సర్ఫింగ్, కయాక్, తిమింగలాలు చూసే పడవలు, సరుకు ఓడలు, సైన్యం ఇలా దాదాపు ముప్పై రకాల వాడకాలు. ప్రతి వాడకానికీ రెండు హద్దులు గీయించారు. ఎప్పుడైనా ఎవరైనా పోయే మేర ఒకటి, ఎక్కువమంది ఎక్కువసార్లు పోయే మేర ఇంకొకటి. చూడ్డానికి చిన్న తేడా. మొదటిదొక్కటే గీస్తే సముద్రమంతా నిండిపోయి పటం ఎందుకూ కొరగాదు. రెండోదొక్కటే గీస్తే ఏడాదికోసారి వచ్చే చేప కోసం పోయే చోటు మాయమవుతుంది.

స్కాట్లాండ్‌లో అవసరం ఇంకో రకం. అక్కడ 15 మీటర్లు దాటిన పడవల్లో ఒక పెట్టె ఉండేది, దాని ద్వారా వాటి కదలికని ఉపగ్రహం గమనించేది. చిన్న పడవలకి ఆ పెట్టె లేదు. గాలిమరల కంపెనీలు సముద్రం మీద చోటు అడుగుతున్న రోజులవి. ఉపగ్రహ పటం చూస్తే ఒడ్డు వారంతా ఖాళీ, నిజానికి అక్కడే చిన్న పడవల కిటకిట. 2011 నుంచి 2013 దాకా 1,090 మంది జాలర్లతో మాట్లాడి స్కాట్‌మ్యాప్ అనే పటం చేశారు. యంత్రం చూడనిచోట మనిషిని అడగాల్సిందే.

మనకి వర్తించే భాగం ఇదే. పాఠ్యపుస్తకాలు 974 కిలోమీటర్లని నేర్పిన ఆంధ్ర తీరంలో ఎక్కువభాగం వేట చిన్న పడవల మీదే. ఒడ్డు నుంచి 8 కిలోమీటర్ల దాకా సంప్రదాయ జాలర్లదనీ, మర బోట్లు ఆ అవతలే వలవేయాలనీ నియమం. ఆ 8 కిలోమీటర్ల లోపల ఎవరి వల ఎక్కడ పడుతుందో గీసిన పటం కావాలంటే అడిగి తీరాలి. 2011 తీర నియంత్రణ నోటిఫికేషన్ ఈ మాట కాగితం మీద చెప్పింది. తీర నిర్వహణ ప్రణాళిక పటాల్లో జాలర్ల ఉమ్మడి ఆస్తులు, చేపలు ఎండబెట్టే చోట్లు, పడవల రేవులు చూపాలి. నీళ్ళలో వేట ప్రాంతాలూ, చేపలు పిల్లలు పెట్టే తావులూ గుర్తించాలి. 2019లో నార్వేతో కుదిరిన అవగాహన ప్రకారం సముద్ర స్థల ప్రణాళికను పుదుచ్చేరి, లక్షద్వీపాల్లో ప్రయోగంగా మొదలుపెట్టారు. ఇవాళ కాకపోతే రేపు మన రేవులకీ లాప్‌టాప్ పట్టుకుని ఎవరో వస్తారు.

ఏ నెలలో రావాలో మాత్రం చూసుకుని రావాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు తూర్పు తీరంలో మర బోట్లకీ ఇంజన్ పడవలకీ వేట నిషేధం. అప్పుడొస్తే సముద్రంలో కనిపించేది తెడ్డు తెప్పలే. ఒడ్డు నుంచి లాగే పెద్దవలకైతే నీళ్ళెంత అవసరమో ఇసుకా అంతే అవసరం. రెండు తాళ్ళు పట్టుకుని పదుల మంది వెనక్కి నడవడానికి చోటుండాలి. చీకటితో లాగే ఆ ఇసుక మీదే పొద్దెక్కాక ఆడవాళ్ళు కవళ్ళు అనే చేపలు ఎండబెడతారు. సాయంత్రానికి అదే బీచ్, అదే మొక్కజొన్న పొత్తుల బండి. ఒక్క చోటుకి మూడు పూటలా మూడు పటాలు కావాలి.

విశాఖ జాలారిపేటలో ఏ పెద్ద సరంగునైనా ‘తాతా, మీ రాయి ఎక్కడ?’ అని అడిగి చూడండి. నీళ్ళవైపు చూపించడు. ఒడ్డువైపు తిరుగుతాడు. దగ్గరి ఆనవాలు ఒకటి, దాని వెనకనున్న కొండ ఒకటి, రెండూ ఒక వరసలోకి రావాలి. ఇంకో పక్కన మరో జత, అవీ వరసలోకి రావాలి. ఆ రెండు వరసలు కలిసే చోట తాడు వదిలితే ఇన్ని బారల లోతున రాయి తగులుతుంది. జీపీఎస్ వచ్చాక కుర్రాళ్ళు అంకెలు దాచుకుంటున్నారు. తాత మాత్రం కొండల్నే దాచుకున్నాడు. లాప్‌టాప్‌లో ఉండేది ఆకాశంలోంచి తీసిన బొమ్మ. అందులో డాల్ఫిన్ నోస్ ఒక పచ్చటి మరక, సింహాచలం కొండ ఇంకో మరక. ఆయనకి తెలిసిన కొండలు అవి కావు. పడవలో కూర్చుని, ఉప్పునీటి మట్టం నుంచి చూసినప్పుడు ఒకదాని భుజం మీదుగా ఇంకోటి తల ఎత్తే కొండలు ఆయనవి. ముందు ఆయన తెప్పలో వెళ్ళి ఆ కొండల ఫొటో తీసుకురండి. అప్పుడు సెంట్లు ఎక్కడ పెట్టాలో ఆయనే చెబుతాడు, చెప్పాలనుకుంటే.